న్యాయసహాయ నిరాకరణము: అప్పీలు వినవలసినవారెవరు?

ప్రతి సంవత్సరము నవంబరు 9వ తేదీన మన కోర్టుల ఆవరణములలో న్యాయసేవా దినము జరుపబడుచున్నది. 1987లో పార్లమెంటు చేసిన న్యాయసేవాధికార సంస్థల చట్టము 1995లో ఆ దినముననే అమలులోనికి వచ్చినది గావున ఈ ఉత్సవము. ఎందరు బీదలకు ఉచితముగా వకీళ్లను ఇచ్చిరో, లోక్ అదాలతులలో ఎన్ని వ్యాజ్యములు రాజీపడెనో ఆ సభలలో చెప్పుకొందురు. మంచిదే. కాని అర్జీ పెట్టుకొని, లేదనిపించుకొని, వెనుదిరిగిపోయినవారి మాట ఆ వేదికలపై వినబడుట అరుదు. వారిని త్రిప్పిపంపుట న్యాయమా? అన్యాయమైనచో దానిని దిద్దువారెవరు? చూచుటకు ఇది గుమాస్తాల ప్రశ్నవలె కనబడును. న్యాయసహాయము దయయా, హక్కా యను పెద్ద ప్రశ్న దీనియందే యిమిడియున్నదని మా అభిప్రాయము.

ధనము లేకపోవుట వలన గాని, మరి యే యితర లోపము వలన గాని ఏ పౌరునికిని న్యాయము దక్కకుండ పోరాదని రాజ్యాంగములోని 39ఎ అధికరణము ఆదేశించుచున్నది. 1976 నాటి 42వ సవరణముతో అది రాజ్యాంగమున చేరినది. దాని ననుసరించి 1987 చట్టములోని 12వ సెక్షను అర్హులను పేర్కొన్నది. షెడ్యూల్డు కులములవారు, తెగలవారు, స్త్రీలు, బాలురు, అంగవైకల్యము గలవారు, వెట్టిచాకిరికి లోనైనవారు, వరదలు భూకంపములు మొదలైన విపత్తులకు గురియైనవారు, పారిశ్రామిక కార్మికులు, నిర్బంధములో నున్నవారు: వీరికి ఆదాయముతో నిమిత్తము లేదు. తక్కినవారికి మాత్రము పరిమితి యున్నది. ఆంధ్రప్రదేశములో అది సంవత్సరమునకు 3 లక్షల రూపాయలు. సుప్రీం కోర్టు వ్యాజ్యములకు 5 లక్షలు. ఆదాయమును గూర్చి అర్జీదారు చేసిన ప్రమాణపత్రమునే చాలినదిగా గ్రహింపవచ్చునని 13వ సెక్షను చెప్పుచున్నది. ఇంతవరకు చట్టము ఉదారమైనదే.

అయితే ఆ 13వ సెక్షనులోనే రెండవ ద్వారమొకటి యున్నది. అర్హుడైనవాడు కూడ తన వ్యాజ్యము పైచూపునకు నిలువదగినదేయని, అనగా కోర్టువారి భాషలో ప్రైమా ఫేసీ కేసు కలదని, సంస్థవారికి తృప్తి కలిగింపవలెను. ఆదాయము లెక్కకు అందును. కులము ధ్రువపత్రమునకు అందును. ఈ తృప్తి దేనికి అందును? వకీలు కావలెనని వచ్చినవాడు తన వ్యాజ్యమును వకీలువలె చెప్పగలిగినచో వానికి వకీలెందుకు? చెప్పలేకపోయినాడు గనుక కేసు లేదని పంపివేసినచో, ఏ లోపమును తీర్చుటకు చట్టము పుట్టినదో ఆ లోపమునే కారణముగా చూపి వానిని వెడలగొట్టినట్లగును.

ఈ తృప్తి యెంత చపలమైనదో తెలియుటకు మన పాఠకులలో భూములు గలవారందరును ఎరిగిన విషయమునే తీసికొందము. ఉమ్మడి యాస్తిలో ఆడపడుచు భాగము. ఆంధ్రప్రదేశ చట్టము 1985 సెప్టెంబరు 5 నుండియే కుమార్తెకు భాగమిచ్చినది గాని, అంతకు ముందు పెండ్లియైన వారిని విడిచిపెట్టినది. 2005 సెప్టెంబరు 9న అమలులోనికి వచ్చిన కేంద్ర సవరణ చట్టము దేశమంతటను కుమార్తెను కుమారునితో సమానురాలిని చేసినది. 1980లో పెండ్లియై, 2003లో తండ్రిని పోగొట్టుకొన్న యొక స్త్రీ, అన్నదమ్ములు పంచుకొనక యనుభవించుచున్న భూమిలో తన భాగమునకై 2016లో న్యాయసహాయము కోరినదనుకొందము. 2005 సవరణ వచ్చిన నాటికి తండ్రి జీవించియుండిననే కుమార్తెకు భాగమని సుప్రీం కోర్టు 2015లో ప్రకాశ్-ఫూలవతి వ్యాజ్యమున చెప్పియుండెను. ఆ తీర్పును చూచిన యధికారి, 'నీకు కేసు లేదమ్మా' యనును. ఆ దినమున ఆయనను తప్పుపట్టుట కష్టము. కాని 2018 ఫిబ్రవరిలో దానమ్మ వ్యాజ్యమున అదే కోర్టు, తండ్రి 2001లో గతించినను కుమార్తెలకు భాగమిచ్చెను. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ వ్యాజ్యమున ముగ్గురు న్యాయమూర్తులు, తండ్రి జీవించియుండ నక్కరలేదని తేల్చి ఫూలవతి తీర్పును రద్దుపరచిరి. 2016లో చచ్చినదనుకొన్న కేసు 2020లో లేచి కూర్చున్నది! నడుమ నాలుగేండ్లలో సోదరులు భూమిని అమ్ముకొన్నను, ఆమెకు అడుగు దిక్కు లేదు. ఒక న్యాయవాది ఆమె పక్షమున నిలిచియుండినచో దావాయైనను దాఖలై యుండెడిది. లేని కేసులని తోచినవానిని పట్టుదలతో నడిపిన వారివలననే గదా చట్టము పెరుగుచున్నది.

ఇక నిరాకరింపబడినవారికి దారి యేది? జాతీయ న్యాయసేవాధికార సంస్థవారు 2010లో చేసిన నిబంధనలలో 7వది ఈ విషయమును గూర్చినది. అర్జీపై నిర్ణయము వెంటనే, ఎట్లును 7 దినములకు మించకుండ, చేయవలెను. కాదన్నచో కారణములు వ్రాసి అర్జీదారుకు తెలుపవలెను. దానిపై ఆ సంస్థ యధ్యక్షునకు గాని, కార్యనిర్వాహకాధ్యక్షునకు గాని అప్పీలు చేసికొనవచ్చును. ఆ నిర్ణయమే కడపటిది.

కాగితముపై ఇది చక్కగనే యున్నది. జిల్లాలో దీని యర్థమేమో చూడుడు. జిల్లా సంస్థకు అధ్యక్షుడు జిల్లా జడ్జి. అర్జీలు కార్యదర్శి చేతిమీదుగా నడచును. ఆయనయు న్యాయాధికారియే, ఆ జడ్జి క్రింద పనిచేయువాడే. సంస్థ నిధికి, సంస్థ వకీళ్ల జాబితాకు, సంస్థ యేటి లెక్కకు బాధ్యుడైన యధ్యక్షుడే, ఆ సంస్థ చేసిన నిరాకరణము సరియైనదా కాదా యని తీర్పు చెప్పవలసినవాడు. అంతతో ముగియలేదు. ఆ స్త్రీ ఎట్లో అప్పుచేసి దావా వేసి ఓడిపోయినదనుకొందము. ఆమె అప్పీలు, ఆస్తి విలువను బట్టి, ఆ జిల్లా జడ్జి యెదుటికే రావచ్చును. ఆమెకు కేసే లేదని ఒకమారు సంతకము చేసినవాడు, అదే కేసును రెండవమారు వినవలెను! మన జడ్జీల నిష్పాక్షికత యందు మాకు సందేహము లేదు. వారిని అట్టి స్థానమున నిలుపుట వారికిని మర్యాద కాదని మాత్రము చెప్పుచున్నాము.

ఇచ్చట పాత చట్టమొకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడులోని 33వ ఆర్డరు పాఠకులకు సుపరిచితము. పాపర్ దావా యని మన పల్లెలలో సైతము దాని పేరు వాడుకలో నున్నది. 1976 నుండి చట్టములో మాత్రము నిర్ధనుల దావా యనుచున్నారు. కోర్టు ఫీజు కట్టలేనివాడు ఫీజు లేకుండ దావా వేయుటకు అనుమతి కోరును. దావాకు కారణమే కనబడనిచో కోర్టు ఆ యర్జీని కొట్టివేయవచ్చును. ఇదియు ఒక విధముగా కేసు ఉన్నదా లేదా యను పరిశీలనయే. కాని అది బహిరంగముగా జరుగును. ప్రభుత్వ ప్లీడరునకును ప్రతిపక్షికిని నోటీసు పోవును. అర్జీదారును జడ్జియే విచారించును. కొట్టివేసినచో 43వ ఆర్డరు ప్రకారము పై కోర్టునకు అప్పీలు కలదు. పై కోర్టు అనగా నిజముగా పై కోర్టే. ఆ కోర్టు గుమాస్తాతో గాని, నిధితో గాని దానికి సంబంధము లేదు.

అంతకన్న ముఖ్యమైనది కాలపరిమితి. పాపర్ అర్జీ పెట్టిన దినమే దావా వేసిన దినమని లిమిటేషను చట్టము చెప్పుచున్నది. అర్జీ కొట్టివేయబడినను, కోర్టు ఇచ్చిన గడువులోపల ఫీజు కట్టినచో దావా తొలి తేదీననే దాఖలైనట్లు భావింతురు. విచారణలు, అప్పీళ్లు, వాయిదాలు, ఎన్ని నెలలైనను బీదవాని గడియారము అక్కడనే నిలిచియుండును. న్యాయసహాయపు అర్జీకి ఇట్టి రక్షణము లేదు. సంస్థ గుమ్మము ముందు కూర్చున్నంత కాలమును గడువు కరగిపోవుచునే యుండును. అప్పీళ్లలోనైనచో ఆలస్యమును మన్నించుటకు 5వ సెక్షను కలదు. క్రొత్త దావాకు ఆ సెక్షను వర్తింపదు. మూడేండ్ల గడువు తీరుటకు పదిదినములుండగా వచ్చిన బాకీ వ్యాజ్యమునకు, 7 దినములు పరిశీలనకును, తక్కినది అప్పీలునకును పోయినచో మిగులునదేమి? ప్రామిసరీ నోటుతో సహా అర్జీదారు చేయి ఖాళీ. ఫీజు మినహాయించుటకు 1908 నాటి కోడు చూపిన జాగ్రత్త, వకీలునిచ్చుటకు 1987 నాటి చట్టము చూపలేదనుట మనకు గౌరవము కాదు.

వకీలు లేకుండుట యనగా ఏమో తెలియవలెనన్న స్కాట్లండు దేశమునకు సంబంధించిన యొక తీర్పును చదువవలెను. గ్రేంజరు వ్యాజ్యమని దానికి పేరు. కోర్టులో అబద్ధపు సాక్ష్యము చెప్పినాడను నేరముపై ఒకనికి 1985లో ఐదేండ్ల శిక్షపడెను. విచారణలో వానికి న్యాయసహాయ మిచ్చిరి. శిక్షపై అప్పీలు చేసికొన్నప్పుడు న్యాయసహాయ సంఘమువారు, అప్పీలుకు తగిన ఆధారములు లేవని నిరాకరించిరి. ప్రభుత్వపక్షమున దేశపు సొలిసిటరు జనరలే సహాయకునితో కూడ వచ్చి నిలిచెను. ఈవల ఖైదీ యొక్కడు, తన న్యాయవాది వ్రాసియిచ్చిన కాగితమును చేత పట్టుకొని చదివెను. దానిలోని యర్థము వానికి పూర్తిగా తెలియదు. ఎదుటివారు చెప్పినదియు తెలియదు. న్యాయమూర్తులు ఏదైన ప్రశ్న వేసినచో జవాబు చెప్పగల స్థితియు కాదు. ఇంతలో, అప్పీలులోని యొక యంశము తాము తలచినంత సులభము కాదని కోర్టువారికే తోచి, సాక్ష్యపు ప్రతిని తెప్పించుకొనుటకు విచారణను వాయిదా వేసిరి. అప్పుడైనను నిరాకరణమును తిరిగి చూడుడని చెప్పు మార్గము లేకపోయెను. 1990 మార్చిలో యూరపు మానవహక్కుల న్యాయస్థానము ఇది న్యాయభంగమని తీర్పు చెప్పెను. ఆ సంవత్సరాంతమున స్కాట్లండు ప్రధాన న్యాయమూర్తి యొక యుత్తరువు చేసెను: నిరాకరణము వలన అన్యాయము కలుగునని తోచినచో అప్పీలు కోర్టు విచారణను ఆపి, న్యాయసహాయ నిరాకరణమును మరల పరిశీలింపుడని సిఫారసు చేయవచ్చును. అయినను 1994లో మరి రెండు స్కాట్లండు వ్యాజ్యములలో అదే దోషమును అదే న్యాయస్థానము ఎత్తిచూపవలసి వచ్చెను. అలవాటు అంత త్వరగా పోదు గదా.

ఎక్కడనో శీతల దేశపు కథయని దీనిని త్రోసివేయరాదు. తెలంగాణా రైతాంగ పోరాట కాలమున హత్యానేరములపై మరణశిక్షలు పడినవారి పక్షమున జనార్దన రెడ్డి వ్యాజ్యము 1951లో సుప్రీం కోర్టునకు వచ్చెను. విచారణలో తమకు తగిన వకీలు సహాయము లభింపలేదనునది వారి యాక్షేపణములలో నొకటి. వారి పక్షమున వాదించుటకు ఇంగ్లండు నుండి ప్రిట్టు అను ప్రసిద్ధ న్యాయవాది సముద్రము దాటి వచ్చెను. విచారణలో వకీలు లేడను మాటను చెప్పుటకే అంతటి వకీలు కావలసి వచ్చెను! వకీలు లేకపోవుట మాత్రమున విచారణ చెల్లకుండ పోదనియు, దానివలన న్యాయభంగము కలిగినదా యని ఆయా కేసులో చూడవలెననియు కోర్టు చెప్పెను. అచ్చటినుండి 1978 నాటి హోస్కోటు తీర్పునకు, 1979 నాటి హుస్సేనారా ఖాతూను తీర్పునకు, ముద్దాయి అడుగకపోయినను న్యాయసహాయ మీయకుండ వేసిన శిక్ష చెల్లదన్న 1986 నాటి సుఖ్ దాస్ తీర్పునకు వచ్చుటకు మూడున్నర దశాబ్దములు పట్టెను. క్రిమినలు వ్యాజ్యములలో నేడు దారి చాలవరకు బాగుపడినది. సివిలు వ్యాజ్యములు, అందును భూమి, మనోవర్తి, బాకీ మొదలైనవి, వీనియందే నిరాకరణమునకు చోటు మిగిలియున్నది.

జిల్లా జడ్జి యనగా న్యాయమూర్తియే గదా, ఆయన కన్న స్వతంత్రుడెవరని కొందరడుగవచ్చును. ఈ వాదమునకు బలము లేకపోలేదు. 1998లో బెల్జియము వ్యాజ్యమున యూరపు న్యాయస్థానము, అప్పీలు గెలుచునా ఓడునా యని న్యాయసహాయ సంఘము తేల్చివేసి వాకిలి మూయుట తగదనెను. 2000లో ఫ్రాన్సు వ్యాజ్యమున మాత్రము నిరాకరణమును సమర్థించెను. ఏలన, అచ్చటి సంఘమునకు న్యాయమూర్తి యధ్యక్షుడు, దాని నిర్ణయముపై అత్యున్నత న్యాయస్థానపు ప్రథమాధ్యక్షునకు అప్పీలు కలదు. కాబట్టి న్యాయమూర్తి చేతిలో నుంచుటయే దోషమని మేమనుట లేదు. మన జడ్జికి రెండు టోపీలున్నవి: సంస్థకు యజమానుడను టోపీ యొకటి, ధర్మాసనముపై టోపీ యొకటి. అప్పీలు వినునప్పుడు ఏది ధరించియున్నాడో అర్జీదారుకు తెలియవలెను. మొదటిది తీసివేసిననే గాని ఆ యప్పీలునకు విలువ రాదు.

ఇంగ్లండువారి యనుభవము ఇచ్చట రెండు విధముల పనికివచ్చును. 1949 చట్టము క్రింద వారు న్యాయసహాయమును సర్కారు కచ్చేరీకి అప్పగింపక న్యాయవాదుల సంఘమునకు అప్పగించిరి. స్థానిక సంఘము కాదన్నచో ప్రాంతీయ సంఘమునకు అప్పీలు ఉండెడిది. 2012 చట్టముతో, 2013 ఏప్రిలు 1 నుండి, న్యాయమంత్రిశాఖకు చేరిన యొక ఏజెన్సీ చేతికి ఆ పని వచ్చినది. అయినను వ్యాజ్యపు బలాబలములపై నిరాకరించినచో, ఏజెన్సీవారు మొదట తామే తిరిగి చూచుకొనిన పిమ్మట, ఏజెన్సీకి చెందని న్యాయవాది యొకడు అప్పీలును చూచును. స్వతంత్ర నిర్ణేత యని వానికి పేరు.

కాని ఆ చట్టము కుటుంబ వ్యాజ్యములను, వలసవచ్చినవారి వ్యాజ్యములను అనేకముగా న్యాయసహాయమునుండి తొలగించి, వానికి అసాధారణ సందర్భములలో మాత్రమే సహాయమని చెప్పినది. ఈ అసాధారణపు అర్జీలను త్రోసివేసినచో స్వతంత్ర నిర్ణేత లేడు. ఏజెన్సీయే తిరిగి చూచును, ఆపై హైకోర్టునకు పోవలసినదే. ఫలితమేమి? ఏటికి 5,000 నుండి 7,000 అర్జీలు వచ్చునని మంత్రిశాఖవారు అనుకొనగా, మొదటి సంవత్సరమున వచ్చినవి సుమారు 1,500. మంజూరైనవి వందకు లోపు. 2014 డిసెంబరులో అచ్చటి అప్పీలు కోర్టు, ఏజెన్సీ పాటించుచున్న మార్గదర్శక సూత్రములు చట్టము కోరినదానికన్న కఠినమైనవని తీర్పు చెప్పెను. అనగా ఆ కొలబద్దయే తప్పు. తప్పు కొలబద్దతో కొలిచినవాడే తిరిగి కొలిచినచో మరల అదే కొలత వచ్చును. బయటివాడొకడు మొదటినుండి ఉండినచో ఆ దోషము ఇరువది నెలలపాటు దాగియుండెడిది కాదేమో.

మా పాఠకులలో పలువురు ఆస్తిపరులు. వారి మనస్సులోని మాట మాకు తెలియును. 'పాపర్ దావా పేరుతో మమ్ము పదేండ్లు కోర్టులచుట్టు త్రిప్పినవారు లేరా? ఇప్పుడు వకీలునుగూడ ఊరకే యిచ్చి, కాదన్నచో దానిపై అప్పీలు, ఆ యప్పీలునకు మరియొక పెద్దమనిషి, ఇక మాకు నిద్ర యుండునా?' అని. పొరుగువానిపై కక్షతీర్చుకొనుటకు వ్యాజ్యమాడువారు లేరని మేమనము. బీదవారిలోను ఉన్నారు, ధనికులలోను ఉన్నారు. ధనికునికి మాత్రము ఏ సంఘమును ప్రైమా ఫేసీ చూపుమని యడుగుట లేదు. కాని కక్షవ్యాజ్యమును ఆపునది నిరాకరణపు సంఖ్య కాదు, నిరాకరణపు గట్టితనము. కారణము చెప్పకుండ త్రోసివేసినచో ఆ మనిషి మండలమునుండి జిల్లాకు, జిల్లానుండి హైకోర్టు సంఘమునకు తిరుగుచునే యుండును. తనకు అన్యాయము జరిగినదని ఊరంత చెప్పుకొనును. బయటి న్యాయవేత్త యొకడు కాగితములన్నియు చూచి, ఈ కారణమున నీ కేసు నిలువదు అని తెలుగులో ఒక పుట వ్రాసి చేతికిచ్చినచో, వారిలో సగముమంది యింటికి పోవుదురని మా నమ్మకము. తెలుగులో అని యూరకే యనలేదు. ఆంగ్లములో వ్రాసిన నిరాకరణమును చదివించుకొనుటకే బీదవాడు మరియొక వకీలునకు రుసుము చెల్లింపవలసి వచ్చును.

ఖర్చు పెరుగునను మాట యొకటి. మేము కోరునది క్రొత్త కచ్చేరీ కాదు. ప్రతి జిల్లాలోను పదవీవిరమణ చేసిన జిల్లా జడ్జీలు, సంస్థ జాబితాలో పేరులేని వృద్ధ న్యాయవాదులు కొందరున్నారు. వారిలో ముగ్గురు నలుగురి పేర్లను హైకోర్టు నిర్ణయించి, నిరాకరణముపై అప్పీళ్లను వారిలో నొకరికి, వీలైనచో పొరుగు జిల్లావానికి, పంపవచ్చును. కాగితములపైననే చాలవరకు తేలిపోవును. అర్జీదారు కోరినచో పది నిమిషములు మాట వినవలెను. కాగితమున లేనిది నోట వచ్చుట బీదవారి వ్యాజ్యములలో సాధారణము. పదిదినములలో తేల్చవలెను. ఈ మార్పునకు పార్లమెంటు కూడనక్కరలేదు. 2010 నిబంధనలను చేసిన జాతీయ సంస్థయే 7వ నిబంధనను సవరింపవచ్చును. ఏటేట న్యాయసేవా దినమున చదువు లెక్కలలో, ఎన్ని అర్జీలు కాదనబడినవి, వానిలో ఎన్ని అప్పీలులో మారినవి యను రెండు సంఖ్యలను గూడ చదువవలెను.

ఇప్పుడును 226వ అధికరణము క్రింద హైకోర్టునకు రిట్టు వేయుటకు దారి యున్నదని చెప్పువారున్నారు. ఉన్నది. దానికిని వకీలు కావలెను.

కాలపరిమితి మాట మాత్రము పార్లమెంటే చూడవలెను. పాపర్ అర్జీకి ఇచ్చిన రక్షణమునే న్యాయసహాయపు అర్జీకిని ఇచ్చుచు లిమిటేషను చట్టములో రెండు పంక్తులు చేర్చినచో చాలును. అది వచ్చువరకు, అర్జీ అందిన దినముననే గడువు ఎన్నడు తీరునో అడిగి తెలిసికొని, అర్జీ తలపై ఎర్రసిరాతో ఆ తేదీ వ్రాయుటకు, ఆ తేదీకి ముందుగా దావా దాఖలు చేయుటకు తాత్కాలికముగా నొక వకీలును నియమించుటకు, ఏ జిల్లా కార్యదర్శికిని ఏ చట్టమును అడ్డము రాదు.